బయోహెర్మ్, బయోస్ట్రోమ్, రీఫ్, మడ్ మౌండ్: ఏ రాతి దిబ్బను ఏమని పిలవాలి?

విశాఖలో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఒక పుస్తకంలో బయోహెర్మ్ అంటే రీఫే అని ఉంది, ఇంకో పుస్తకంలో కాదని ఉంది. బయోస్ట్రోమ్, రీఫ్ మౌండ్, మడ్ మౌండ్, బిల్డప్ అన్నీ ఒకటేనా? బొర్రా గుహల్లో నేల మీద లేచిన గుట్టలు కూడా బయోహెర్మ్‌లేనా? మన దగ్గర్లో ఇలాంటివి ఎక్కడైనా చూడొచ్చా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇవన్నీ ఒకటి కావు, అలాగని ఒకదానికొకటి పోటీ పేర్లూ కావు. ఒక్కో పేరు ఒక్కో ప్రశ్నకు జవాబు. బయోహెర్మ్, బయోస్ట్రోమ్ అనేవి ఆకారం గురించిన మాటలు. రీఫ్ అనేది ఆ దిబ్బ బతికున్నప్పుడు ఎలా నిలబడింది అనే దాని గురించి. మడ్ మౌండ్, రీఫ్ మౌండ్ అనేవి దిబ్బ దేనితో తయారైంది అనే దాని గురించి. అందుకే ఒకే దిబ్బ బయోహెర్మూ కావచ్చు, రీఫూ కావచ్చు. బయోహెర్మ్ అయ్యుండి రీఫ్ కానివీ చాలా ఉన్నాయి. బొర్రాలోవి బయోహెర్మ్‌లు కావు, కారణం కింద రాస్తాను. విశాఖ చుట్టుపక్కల కొండల్లో ఇవి దొరకవు. మన రాష్ట్రంలో చూడాలంటే కడప జిల్లాకు వెళ్లాలి, కొంచెం దూరమైనా పర్వాలేదంటే తిరుచిరాపల్లి వైపు.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం సున్నపురాయి క్వారీల్లో, బోరు వేసి తీసిన రాతి కడ్డీలైన కోర్‌ల పెట్టెల ముందు గడిచింది. ఇప్పుడు విశాఖలోనే ఉంటున్నాను, అప్పుడప్పుడు విద్యార్థులతో ఫీల్డ్‌కి వెళ్తుంటాను. ఈ పేర్ల దగ్గర తెలివైన పిల్లలు కూడా తడబడటం చూశాను. తప్పు వాళ్లది కాదు. పుస్తకాలు నిర్వచనాలు ఇస్తాయి కానీ, ఏ నిర్వచనం ఏ అవసరానికి పుట్టిందో చెప్పవు. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఈ పేర్లు ఎందుకు పుట్టాయి

రీఫ్ అనే మాట మొదట నావికులది. నీళ్ల కింద ఓడకు తగిలే రాయి ఏదైనా వాళ్లకు రీఫే. అది పగడమా, గ్రానైటా అన్నది వాళ్లకు అనవసరం. గనుల వాళ్లు ఇదే మాటను ఇంకోలా వాడారు. కోలార్ బంగారు గనుల్లో పేరున్న ఛాంపియన్ రీఫ్ అనేది క్వార్ట్జ్ సిర, దానికీ సముద్ర జీవులకూ సంబంధం లేదు. ఇలా ఒకే మాట ఇన్ని రకాలుగా తిరుగుతుంటే, పాత శిలల్లో జీవులు కట్టిన దిబ్బలకు స్పష్టమైన పేరు కావలసి వచ్చింది.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో సైలూరియన్ కాలపు (సుమారు 42 కోట్ల ఏళ్ల కిందటి) సున్నపు దిబ్బలు చాలా ఉన్నాయి. వాబాష్ నది లోయలో కొన్ని చోట్ల చుట్టూ ఉన్న మెత్తటి రాయి అరిగిపోయి, దిబ్బ మాత్రం గుట్టలా మిగిలింది. అలాంటి గుట్టలను అక్కడ క్లింట్‌లు అంటారు. వాటి మీద పనిచేసిన ఎడ్గర్ కమింగ్స్, రాబర్ట్ ష్రాక్ 1928లో బయోహెర్మ్ అనే మాట తెచ్చారు. 1932లో కమింగ్స్ దానికి జోడీగా బయోస్ట్రోమ్ అనే మాట చేర్చాడు.

వాళ్ల ఉద్దేశం ప్రకారం బయోహెర్మ్ అంటే పూర్తిగా జీవుల వల్ల ఏర్పడి, దిబ్బలా గానీ లెన్స్‌లా గానీ హద్దులు తెలిసేలా ఉండి, చుట్టూ వేరే రకం రాయి ఉన్న శిలాకాయం. బయోస్ట్రోమ్ అంటే ఒకచోట స్థిరంగా ఉండే జీవులే కట్టినా, దిబ్బలా ఉబ్బకుండా పొరలా పరుచుకున్నది. క్రైనాయిడ్ (కాడ ఉన్న పువ్వులాంటి సముద్ర జీవి) పొరలు, పగడాల పొరలు, గవ్వల పొరలు ఈ రెండో కోవలోకి వస్తాయి.

బయోహెర్మ్ నిర్వచనంలో విద్యార్థులు ఎప్పుడూ వదిలేసే సగం ఒకటుంది: చుట్టూ వేరే రకం రాయి ఉండాలి. దిబ్బ లోపల పొరలు లేని గట్టి సున్నపురాయి, పక్కన షేలో (గట్టిపడ్డ బురదరాయి), సన్నటి పొరలున్న మట్టి సున్నపురాయో ఉండాలి. లోపలా బయటా ఒకే రాయి అయి, పైభాగం మాత్రం అరిగి గుట్టలా కనిపిస్తుంటే అది కోత వల్ల మిగిలిన గుట్ట. దానికి బయోహెర్మ్ అని పేరు పెట్టలేం. పరీక్షలో ఈ ఒక్క వాక్యం రాసినవాళ్లకు విషయం తెలుసని నాకు వెంటనే అర్థమవుతుంది.

ఇంకో సంగతి. ఈ నిర్వచనంలో అలలు అనే మాటే లేదు. లోతు లేదు, పగడం లేదు, గట్టి చట్రం లేదు. కట్టినవాళ్లు ఎవరైనా సరే, లోతు ఎంతైనా సరే. ఈ మాట బలమంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం. రాయిలో కంటికి కనిపించేదాన్ని మాత్రమే చెబుతుంది, ఊహను కలపదు.

మరి రీఫ్ అనడానికి ఏం కావాలి?

ఇక్కడే అసలు గొడవ. 1950లో హైంజ్ లోవెన్‌స్టామ్ ఇండియానా, ఇల్లినాయ్ వైపు ఉన్న ఆ సైలూరియన్ దిబ్బలనే పరిశీలించి, రీఫ్ అనాలంటే అక్కడి జీవులు అలలను తట్టుకునే గట్టి కట్టడాన్ని లేపగలిగి ఉండాలి అన్నాడు. చదవడానికి బాగుంది. కానీ 42 కోట్ల ఏళ్ల కిందటి దిబ్బ అలను తట్టుకుందని ఎలా రుజువు చేస్తాం? దిబ్బ పక్కన దాని నుంచే విరిగిపడిన ముక్కల పొరలు ఉంటే కొంత ఆధారం. అవీ లేకపోతే చేతిలో ఏమీ ఉండదు.

1970లో రాబర్ట్ డన్‌హామ్ ఈ చిక్కును చక్కగా విడదీశాడు. జీవులే ఒకదాన్నొకటి పట్టుకుని గట్టి, అలలను తట్టుకునే కట్టడం కడితే ఎకలాజిక్ రీఫ్. ఎవరు పట్టి ఉంచారన్న దానితో పని లేకుండా, మందంగా, పక్కలకు హద్దున్న స్వచ్ఛమైన కార్బొనేట్ (సున్నపు) రాయి ఉంటే స్ట్రాటిగ్రాఫిక్ రీఫ్. రెండోదాంట్లో సముద్రపు నీటి నుంచి దిగి అతికించిన సున్నమే, అంటే సిమెంటే, అంతా పట్టి ఉంచి ఉండొచ్చు. మీరు చూసిన రెండు పుస్తకాల్లో ఒకటి ఈ విశాలమైన అర్థంలో, ఇంకోటి ఇరుకైన అర్థంలో మాట్లాడుతున్నాయని నా అనుమానం. ఆ తర్వాత రాబర్ట్ రైడింగ్ 2002లో, స్థిరంగా ఉండే జీవులు ఉన్నచోటే కట్టిన సున్నపు నిక్షేపం అయితే చాలు రీఫ్ అనొచ్చు అని ఇంకా విశాలంగా తీసుకున్నాడు.

నేను పాటించే పద్ధతి ఇది. ఫీల్డ్ నోట్‌బుక్‌లో బయోహెర్మ్ లేదా బిల్డప్ అని రాయండి. థిన్ సెక్షన్లు, అంటే మైక్రోస్కోపు కోసం పల్చగా అరగదీసిన రాతి ముక్కలు, చూసి, పక్క పొరలు కొలిచి, జీవులు నిలబడిన తీరు తేలాకే రీఫ్ అనండి. బిల్డప్ అనేది ఇంకా తటస్థమైన మాట: చుట్టుపక్కల అదే కాలంలో పేరుకున్న పొరల కంటే మందంగా, ఎత్తుగా పెరిగిన కార్బొనేట్ కాయం. కట్టింది జీవులా కాదా అన్నది కూడా తేలనప్పుడు ఇదే సురక్షితం. భూమిలోపలి పొరలను ధ్వని తరంగాలతో చూపే సీస్మిక్ సెక్షన్‌లో ఉబ్బు కనిపించినప్పుడు ఆయిల్ కంపెనీల వాళ్లు బిల్డప్ అనే మాటే వాడటానికి కారణం అదే.

బోరు కోర్‌లతో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. అరచేతిలో పట్టేంత వెడల్పున్న కోర్‌లో దిబ్బ ఆకారం కనిపించదు. కాబట్టి కోర్ లాగింగ్‌లో బయోహెర్మ్ అని రాయకూడదు. కనిపించిన అల్లికను, అంటే రేణువులు, బురద, జీవులు అమరిన తీరును రాయాలి.

అల్లిక పేర్లు వేరే లెక్క

1962లో డన్‌హామ్ సున్నపురాళ్లను బురద, రేణువులు ఎంతెంత ఉన్నాయన్న లెక్కన మడ్‌స్టోన్, వాకీస్టోన్, ప్యాక్‌స్టోన్, గ్రెయిన్‌స్టోన్, బౌండ్‌స్టోన్ అని విడదీశాడు. చివరిది జీవులు ఉన్నచోటే కట్టినది. 1971లో ఎంబ్రీ, క్లోవన్ ఇద్దరూ ఉత్తర కెనడాలోని బ్యాంక్స్ ద్వీపంలో, సైలూరియన్ తర్వాతిదైన డెవోనియన్ కాలపు రీఫ్‌లను చదువుతూ బౌండ్‌స్టోన్‌ను మూడుగా చీల్చారు. జీవులు గట్టి చట్రం కడితే ఫ్రేమ్‌స్టోన్. పొరలుగా పాకి అవక్షేపాన్ని పట్టేస్తే బైండ్‌స్టోన్. కాండాల్లా నిలబడి నీటి వేగాన్ని తగ్గించి బురదను దిగేలా చేస్తే బ్యాఫిల్‌స్టోన్. దిబ్బ నుంచి విరిగిపడిన పెద్ద ముక్కలకు, అవి ఒకదానికొకటి ఆనుకుని ఉంటే రడ్‌స్టోన్, బురదలో విడివిడిగా తేలుతున్నట్టుంటే ఫ్లోట్‌స్టోన్ అని చేర్చారు.

బ్యాఫిల్‌స్టోన్ దగ్గర జాగ్రత్త. కాండాల్లాంటి జీవులు నిజంగా నీటిని అడ్డుకున్నాయా, ఊరికే ఆ బురదలో బతికాయా అన్నది రాయి చూసి చెప్పడం కష్టం. బురదలో నాలుగు బ్రయోజోవాలు (గుంపులుగా బతికే చిన్న సముద్ర జీవులు) కనిపించగానే బ్యాఫిల్‌స్టోన్ అని రాసిన రిపోర్టులు చాలా చదివాను. జీవులు నిలువుగా, పెరిగిన భంగిమలో ఉన్నాయా, ఎంత దట్టంగా ఉన్నాయి అన్నవి రాస్తేనే ఆ పేరుకు విలువ.

మడ్ మౌండ్‌లు: నాకు అన్నిటికంటే ఇష్టమైనవి

బెల్జియంలో వాల్‌సోర్ అనే ఊరుంది. ఆ ఊరి పేరు మీదే దిగువ కార్బొనిఫెరస్ కాలపు మడ్ మౌండ్‌లను వాల్‌సోర్షియన్ మౌండ్‌లు అంటారు. ఐర్లండ్‌లో, అమెరికాలోని న్యూ మెక్సికోలో కూడా ఇవి ఉన్నాయి. సుమారు 35 కోట్ల ఏళ్ల నాటివి. వీటిలో గట్టి చట్రం కట్టే జీవి లేదు. క్రైనాయిడ్ ముక్కలు, జల్లెడలాంటి ఫెనెస్టెలిడ్ బ్రయోజోవాలు ఉంటాయి, మిగతాదంతా సన్నటి సున్నపు బురదే. అయినా దిబ్బ నిట్టనిలువు వాలుతో లేచి ఉంటుంది. ఉత్త బురద అయితే జారిపోవాలి కదా? జారలేదు. సూక్ష్మజీవుల పొరలు ఆ బురదను పుట్టించి, అక్కడికక్కడే గట్టిపరిచాయని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు.

ఈ మౌండ్‌లలో స్ట్రొమటాక్టిస్ అనే వింత ఉంటుంది. అడుగు చదునుగా, పైకప్పు ఎగుడుదిగుడుగా ఉండి, లోపల తెల్లటి కాల్సైట్ నిండిన గూళ్లు. 1881లో డ్యూపాన్ దాన్ని ఒక జీవి శిలాజమనుకుని పేరు పెట్టాడు. తర్వాత అది బురదలో ఏర్పడిన ఖాళీ అని తేలింది. ఆ ఖాళీ ఎలా వచ్చిందన్నదాని మీద మాత్రం వాదన ఇంకా సాగుతోంది: మెత్తటి స్పాంజి కుళ్లిపోయి వచ్చిందా, బురద కుంగి వచ్చిందా అని. విద్యార్థులకు నేను చెప్పేది, కారణం తేలేదాకా ఆగకుండా, అడుగు చదునుగా ఉందన్న సంగతిని వాడుకోమని. దాని ఉపయోగం కింద వస్తుంది.

మొరాకోలో హమర్ లగ్దాద్ దగ్గర కెస్ కెస్ మౌండ్‌లు ఉన్నాయి. డెవోనియన్ కాలపు శంకువుల్లాంటి దిబ్బలు, కొన్ని 50 మీటర్ల ఎత్తు దాటుతాయి. చుట్టూ ఉన్న మెత్తటి రాయి పోయి, సముద్రపు అడుగున ఉన్న ఆకారంతోనే ఎడారిలో నిలబడ్డాయి. వాటి పుట్టుకలో సముద్రగర్భం నుంచి ఊరిన ద్రవాల పాత్ర ఉందని ఒక వాదన ఉంది.

ఇవి పాతకాలపు వింతలని అనుకోవద్దు. ఐర్లండ్‌కి పడమట పోర్కుపైన్ సీబైట్‌లో చల్లటి, చీకటి లోతుల్లో పగడాలు కట్టిన దిబ్బలున్నాయి. వాటిలో ఛాలెంజర్ మౌండ్‌ను 2005లో అంతర్జాతీయ సముద్ర డ్రిల్లింగ్ బృందం తవ్వింది. 155 మీటర్ల మందం, మొదలై 26 లక్షల ఏళ్లు. సూర్యకాంతి లేదు, అలల తాకిడి లేదు. లోవెన్‌స్టామ్ కొలబద్ద పెడితే దీన్ని రీఫ్ అనడానికి ఇబ్బంది పడతాం. బయోహెర్మ్ అనడానికి ఏ అడ్డూ లేదు.

ఇక రీఫ్ మౌండ్ అనేది మధ్యస్థం: బురద ఎక్కువగా ఉన్నా, చట్రం కట్టగల జీవులు కూడా కొంత ఉన్న దిబ్బ. నోయెల్ జేమ్స్ రీఫ్, రీఫ్ మౌండ్ అని రెండుగా చూపించాక ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది.

కట్టింది పగడాలేనా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. స్కూల్లో ప్రవాళ భిత్తికలు చదివి వస్తాం కాబట్టి పాత దిబ్బ కనబడితే పగడాల కోసం వెతుకుతాం. భూమి చరిత్రలో ఎక్కువ కాలం ఈ పని చేసింది పగడాలు కావు. మొదట కోట్లాది ఏళ్లు సైనోబాక్టీరియా లాంటి సూక్ష్మజీవులే పొరలు పొరలుగా పెరిగిన స్ట్రొమటోలైట్‌లు కట్టాయి. ఆస్ట్రేలియాలోని పిల్బరాలో 348 కోట్ల ఏళ్ల నాటివి ఉన్నాయి, షార్క్ బేలో ఈనాటికీ పెరుగుతున్నాయి. కేంబ్రియన్‌లో ఆర్కియోసయాతిడ్‌లు వచ్చాయి, స్పాంజి జాతివి, కొద్ది కాలమే ఉన్నాయి. ఆర్డొవిషియన్‌లో బ్రయోజోవాలు, స్పాంజి జాతికే చెందిన స్ట్రొమటోపొరాయిడ్‌లు, ట్యాబులేట్ అనే పాత రకం పగడాలు కలిసి కట్టాయి. సైలూరియన్, డెవోనియన్ కాలాల్లో స్ట్రొమటోపొరాయిడ్‌లదే పెత్తనం. కెనడాలోని లెడూక్‌లో 1947లో చమురు పడింది డెవోనియన్ రీఫ్‌లోనే, ఆల్బెర్టా చమురు పరిశ్రమ తలరాత అక్కడ మారింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో క్యానింగ్ బేసిన్ రీఫ్‌లూ ఆ కాలానివే. డెవోనియన్ చివరి వినాశనాల తర్వాత ఆ జీవులు కోలుకోలేదు, అందుకే కార్బొనిఫెరస్‌లో మడ్ మౌండ్‌ల రాజ్యం.

పెర్మియన్‌లో టెక్సాస్ వైపు క్యాపిటాన్ రీఫ్‌ను స్పాంజీలు, సూక్ష్మజీవులు, విపరీతమైన సముద్రపు సిమెంటు కలిసి కట్టాయి. ఇప్పటి పగడాల వంశం, అంటే స్క్లెరాక్టీనియన్‌లు, ట్రయాసిక్‌లో గానీ రాలేదు. క్రెటేషియస్‌లో రూడిస్ట్‌లు అనే ఆల్చిప్పలు పగడాల చోటును చాలావరకు ఆక్రమించి, 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించాయి. రూడిస్ట్‌లవి చాలావరకు దిబ్బలు కావు, పరుచుకున్న బయోస్ట్రోమ్‌లే అని ఒక బలమైన వాదన ఉంది. నేను చూసినంతలో నాకూ అదే సబబు అనిపిస్తుంది.

ఫీల్డ్‌లో నిర్ధారించడం ఎలా

ముందు దూరంగా నిలబడి క్వారీ గోడ మొత్తం చూడండి. సుత్తి తర్వాత. దిబ్బ కోర్ అనే నడిమి భాగంలో (బోరు కోర్ కాదు) పొరలు ఉండవు, గట్టిగా ముద్దగా ఉంటుంది. పక్క వాలు పొరలు కోర్ నుంచి బయటికి వాలుతూ పోతాయి, వాటిలో విరిగిన ముక్కలు ఉంటాయి. ఇంకా బయటికి వెళ్తే చదునైన పొరలు. మౌండ్ మీద తర్వాత పడ్డ పొరలు దాన్ని కప్పుతూ వంగి ఉంటాయి.

ఆ వాలు అసలుదా, తర్వాత భూమి కదలికల వల్ల వచ్చిందా? దీనికి జియోపెటల్ నిర్మాణాలు వెతకాలి. గవ్వ లోపల సగం బురద నిండి, మిగతా సగంలో తెల్లటి కాల్సైట్ నిండి ఉంటే, ఆ రెంటి మధ్య గీత ఆనాటి సమతలం. రాయిలో ఇరుక్కున్న రసమట్టం అది. పైన చెప్పిన స్ట్రొమటాక్టిస్ అడుగు కూడా ఇలాగే పనికొస్తుంది. పక్క పొర 30 డిగ్రీలు వాలి ఉండి, లోపలి గీతలు మాత్రం చదునుగా ఉంటే, ఆ వాలు దిబ్బ పెరిగినప్పటిదే. గీతలు కూడా పొరతో పాటే 30 డిగ్రీలు వాలి ఉంటే, మొత్తం తర్వాత ఒరిగింది. వాలు కొలిచి గీత కొలవని నోట్‌బుక్‌ను నేను పూర్తి పరిశీలన అనను.

ఇదే పరీక్ష ఇంకో మోసాన్ని కూడా పట్టిస్తుంది. ఒక్కోసారి రీఫ్ అంచు విరిగి, ఇంటంత పెద్ద బండ లోతైన నీటిలోని షేల్‌లోకి దొర్లి పడుతుంది. దాన్ని ఒలిస్టోలిత్ అంటారు. చూడటానికి చుట్టూ వేరే రాయి, మధ్యలో శిలాజాల సున్నపురాయి, అచ్చం బయోహెర్మే. కానీ లోపలి జియోపెటల్ గీతలు చుట్టుపక్కల పొరలతో పొంతన లేకుండా అడ్డదిడ్డంగా, ఒక్కోసారి తలకిందులుగా ఉంటాయి. అలాంటప్పుడు అది పుట్టిన చోటు అది కాదు.

బొర్రా సంగతి

బొర్రాలో నేల మీద లేచినవి స్టాలగ్మైట్‌లు. పైకప్పు నుంచి కారే నీటిలో కరిగిన సున్నం పేరుకుని పెరిగినవి. సముద్రానికీ వాటికీ సంబంధం లేదు. బొర్రాలో ఇలా గుహలో పేరుకున్న స్పీలియోథెమ్‌లలో సూక్ష్మజీవుల పాత్రకు ఆధారాలు ఉన్నాయని 2007లో పరిశోధన వచ్చింది. అయినా అవి గుహ నిక్షేపాలే, బయోహెర్మ్ అనలేం.

ఆ గుహ ఏర్పడిన సున్నపురాయి మాత్రం ఒకప్పుడు సముద్రంలో పేరుకున్నదే అయ్యుండాలి కదా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. కానీ తూర్పు కనుమల్లో ఖొండలైట్, చార్నొకైట్, లెప్టినైట్ అన్నీ భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి గురైన శిలలు. కైలాసగిరి అయినా, డాల్ఫిన్స్ నోస్ అయినా, సింహాచలం కొండ అయినా అంతే. వాటి మధ్య ఉన్న సున్నపురాయి కూడా పూర్తిగా మళ్లీ స్ఫటికీకరించి పాలరాయి రకంగా మారింది. స్ట్రొమటోలైట్‌లు ఎప్పుడైనా ఉండి ఉన్నా, వాటి సన్నటి పొరలు ఆ వేడిలో మిగలవు. అందుకే అక్కడ బయోహెర్మ్ ఉందనీ అనలేం, ఎప్పుడూ లేదనీ అనలేం. ఎర్రమట్టి దిబ్బలను కూడా ఈ కోవలో అడిగేవాళ్లున్నారు. అవి ఇసుక దిబ్బలు, జీవులు కట్టినవి కావు.

సముద్రంలో? చివరి మంచుయుగంలో, సుమారు 20,000 ఏళ్ల కిందట, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. ఆ కాలంలో, తర్వాత నీరు పెరుగుతున్నప్పుడు షెల్ఫ్ (తీరం దగ్గరి లోతు తక్కువ సముద్రపు అడుగు) బయటి అంచున సున్నపు నిక్షేపాలు ఏర్పడ్డాయి. మన తీరం ఎదుట గుండ్రటి సున్నపు రేణువులైన ఊలైట్‌లున్న అలాంటి పాత అవక్షేపాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు 1950, 60లలోనే పనిచేశారు. పడమటి తీరంలో, ముంబై వైపు ఫిఫ్టీ ఫాథమ్ ఫ్లాట్ మీద హలిమెడా అనే ఆకుపచ్చ నాచు కట్టిన బయోహెర్మ్‌లను 1994లో వివరించారు. నాచు కట్టినా బయోహెర్మే అని చెప్పడానికి మన దేశపు ఉదాహరణ ఇది, పరీక్ష జవాబులో తప్పక రాయండి.

విశాఖ తీరంలో డైవింగ్ చేసేవాళ్లు రాళ్ల మీద అక్కడక్కడా బతికున్న పగడాలు చూస్తారు. అది పగడాల సముదాయం. రాతి మీద పెరిగిన తోలులాంటి పొరే తప్ప, వాటంతట అవి దిబ్బ కట్టలేదు. గోదావరి, మహానది లాంటి నదులు తెచ్చే మంచినీరు, బురద ఉన్న ఈ తీరంలో పెద్ద రీఫ్‌లు ఎదగడం కష్టం.

ఎక్కడికి వెళ్లి చూడాలి

తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కడపలో దిగొచ్చు. అక్కడి నుంచి వేంపల్లె దగ్గర. కడప బేసిన్‌లోని, మెగ్నీషియం ఉన్న సున్నపురాయి అయిన వేంపల్లె డోలమైట్‌లో స్ట్రొమటోలైట్‌లు పుష్కలంగా ఉన్నాయి. దాని పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన సిల్ (పొరల మధ్య చొరబడి గట్టిపడ్డ కరిగిన శిల) వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లు, కాబట్టి ఇవి అంతకంటే పాతవి. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది కూడా ఈ వేంపల్లె కార్బొనేట్‌లోనే.

అక్కడ పేర్లు ఇలా వాడండి. ఒక్కో గోపురాన్నో స్తంభాన్నో స్ట్రొమటోలైట్ అనండి. అవన్నీ కలిసి హద్దున్న దిబ్బగా లేస్తే స్ట్రొమటోలైట్ బయోహెర్మ్. ఒకే మందంతో పొరలా దూరందాకా సాగితే స్ట్రొమటోలైట్ బయోస్ట్రోమ్. లోపల సన్నటి పొరలకు బదులు గడ్డలు గడ్డలుగా ఉంటే అది థ్రాంబొలైట్. చిన్న రోడ్డు కోతలో ఈ తేడా తేల్చలేం. పొరను వీలైనంత దూరం నడిచి వెంబడించాలి, అది సన్నబడుతోందా లేదా చూడాలి. కర్నూలు, కడప వైపు నాపరాళ్లుగా మన ఇళ్లలో పరిచే నార్జి సున్నపురాయిని దీంతో కలపొద్దు. అది చదునైన సన్న పొరల బురద సున్నపురాయి, దిబ్బ కాదు.

పగడాలు, నాచులు కలిసి కట్టినదాన్ని చూడాలంటే తిరుచిరాపల్లి దగ్గర కల్లక్కుడి, అంటే డాల్మియాపురం. అక్కడి ఆల్బియన్ కాలపు సున్నపురాయిలో, అంటే పది కోట్ల ఏళ్లు దాటినదాంట్లో, ముద్దగా ఉన్న పగడాలు, నాచుల సున్నపురాయి, పక్కన పొరలున్న సున్నపురాయి చూడొచ్చు. ఇది నడుస్తున్న క్వారీ కాబట్టి డిపార్ట్‌మెంట్ ద్వారా ముందుగా అనుమతి తీసుకోవాలి. హెల్మెట్ లేకుండా గోడ దగ్గరికి వెళ్లొద్దు, బ్లాస్టింగ్ వేళలు అడగండి. క్వారీ గోడ ఏటా వెనక్కి జరుగుతుంది, పాత రిపోర్టులో చూసిన ముఖం మీకు దొరక్కపోవచ్చు. టెన్షన్ పడకుండా కొత్త గోడను మళ్లీ మీరే మ్యాప్ చేయండి.

రాజస్థాన్‌లో చిత్తోర్‌గఢ్ దగ్గర భోజుండా, ఉదయపూర్ దగ్గర జామర్‌కోట్ర కూడా ఉన్నాయి. జామర్‌కోట్రలో స్ట్రొమటోలైట్‌లే ఫాస్ఫేట్ ఖనిజం.

ఎక్కడికి వెళ్లినా స్ట్రొమటోలైట్ ఉన్న రాయిని సుత్తితో కొట్టి ముక్క తేవొద్దని గట్టిగా అడుగుతున్నాను. కింద రాలిన ముక్కలు థిన్ సెక్షన్‌కి సరిపోతాయి. ఫోటో తీసేటప్పుడు స్కేల్ పెట్టండి, ఉత్తరం ఎటో రాయండి, దగ్గరి ఫోటోతో పాటు గోడ మొత్తం వచ్చేలా దూరపు ఫోటో ఒకటి, జియోపెటల్ గీత కనిపించేది ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. ఆ మూడూ ఉంటే బయోహెర్మా, బయోస్ట్రోమా, దొర్లిపడ్డ బండా అన్నది కలిసి తేల్చుకోవచ్చు.